రోడ్ రాష్ పద్యం: టీకా తాత్పర్య సహితం

పాత యాటలో కూలిన బండికొరకు
పరుగు పెట్టెడు వీరుడా భళిర నీకు
మాకు సైబరాబాదులో మరల బండి
కదలదాయెను యూటర్ను కానరాదు

(తేటగీతి. సాయంత్రం ఆరున్నరకు మైండ్‌స్పేస్ జంక్షన్‌లో ఆగకుండా నడిచేవి ఈ గణాలు మాత్రమే.)

ప్రతిపదార్థం: పాత యాటలో = 1991లో సెగా యంత్రం మీద పుట్టి, 1996లో విండోస్ కంప్యూటర్లలోకి దిగిన రోడ్ రాష్ అను క్రీడయందు; కూలిన = పక్కవాడి తన్నుకో, గొలుసు దెబ్బకో, ఎదురొచ్చిన కారుకో పడిపోయిన; బండికొరకు = ఎక్కడో దొర్లి ఉన్న మోటారు సైకిలు కోసం; పరుగు పెట్టెడు = ట్రాఫిక్ మధ్యనుంచే లగెత్తునట్టి; వీరుడా = ఓ శూరుడా; భళిర = శభాషు; మాకు = మెడలో ఐడీ కార్డు వేలాడు మాబోంట్లకు; సైబరాబాదులో = సైబర్ టవర్స్ మొదలు గచ్చిబౌలి దాకా; మరల = నిన్నటివలెనే; యూటర్ను = మ్యాపులో ఉండి రోడ్డుమీద లేనిది. తక్కినవి సుగమములు.

తాత్పర్యం: పడినా నీకు పరుగుంది, పడకపోయినా మాకు కదలిక లేదు.

విశేషాలు: అంత దూరం ఎగిరిపడినవాడు దుమ్మయినా దులుపుకోకుండా లేవడం ఔచిత్యభంగం కాదా అని పూర్వపక్షం. కాదు. పోలీసు పక్కనే ఉంటే వాడి కథ అక్కడితో సరి, రేసు పోయినట్టే. అందువల్ల ఆ పరుగులో ప్రాణభయం ఉంది. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడినవాళ్లను అడిగితే గెలిచిన రేసు ఒక్కటీ చెప్పలేరు, ఆ పరుగు మాత్రం లేచి నిలబడి చేసి చూపిస్తారు. దోషమే గుణమైనందుకు జీటీఏ ఆటల్లో ఒకటైన వైస్ సిటీ (2002) నాయకుడు టామీ ఇంకొక ఉదాహరణ. చుట్టూ సముద్రం, ఈత రాదు, నీళ్లలో దిగితే చావే. నవ్యులు దీన్ని దోషమంటారు. వానాకాలంలో ఐటీ కారిడార్ చూసినవారు స్వభావోక్తి అంటారు.

పాఠభేదం: 2021లో గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అను పరిష్కర్తలు వైస్ సిటీ సహా మూడు జీటీఏ ఆటలను శుద్ధప్రతి పేర సవరించగా, వాటి సొంతదారు రాక్‌స్టార్ మళ్లీ విడుదల చేసింది. వాటిలో ఒకటైన శాన్ ఆండ్రియాస్ మూలకర్తలకు దొరికింది ప్లేస్టేషన్ 2లోని 32 ఎంబీ మెమరీ. దూరాన్ని పొగమంచుతో కప్పి, ఆ చిన్న రాజ్యాన్నే అనంతమనిపించారు. పరిష్కర్తలు మంచు తుడిచేశారు. విమానమెక్కి చూస్తే మూడు నగరాలూ ఒక్క చూపులో తేలిపోయాయి! ఇంకో ఘోరం: డోనట్ దుకాణం బోర్డుపై ఆరు మూలల ఇనప నట్టు ఉండేది. డోనట్‌లో నట్టు, అదీ శ్లేష. దాన్ని నునుపు చేసి గుండ్రంగా మార్చారు. శ్లేష ఎరగనివాడు పరిష్కరణకు పూనుకోరాదు. చివరికి రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి కంప్యూటర్ల పాతప్రతులను తిరిగి అమ్మకానికి పెట్టింది. 2024 నవంబరులో పాత వెలుతురును కూడా వెనక్కి తెచ్చింది. కావున మూలపాఠమే గ్రాహ్యం.

ఇక కవి ఎవరన్న చర్చ. రోడ్ రాష్‌ను తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు నేడు హైదరాబాదులోనే స్టూడియో ఉంది గనుక అక్కడివాడే అయి ఉంటాడని కొందరు. అంత దూరం పోనక్కర్లేదు. ఈ ప్రాంతంలో తప్పులు పట్టడమే జీతంగా బతికే టెస్టర్లు అడుగడుక్కీ ఉన్నారు. తప్పు కనబడితే టికెట్ వేయాలి, దానికొక ఓనర్‌ను తగిలించాలి, స్ప్రింట్ ముగిసేలోగా మూయించాలి. రోడ్ రాష్‌లో తప్పుకు టికెట్ లేదు, ఓనర్ లేడు, రేపు సవరిస్తారన్న భయమూ లేదు. పగలంతా బగ్గులు వెతికినవాడు రాత్రి వాటితో సహవాసం చేయడానికి కారణం ఇదేనని ఈ వ్యాఖ్యాత మతం. బగ్గుల మీద వాత్సల్యమేమీ కాదు, కేవలం జ్ఞాపకాల మోహమని కొట్టిపారేసే వ్యాఖ్యాతలూ ఉన్నారు. వారు ఈ మధ్యనే మేనేజర్లయ్యారు.

రచనాకాలం రాత్రి రెండు గంటలని ఊహ. మర్నాటి స్టాండప్ మీటింగులో కవి కెమెరా ఆపి ఉంచడమే ఇందుకు ఆధారం.