పందిట్లో నా మూడు రాత్రులు

నేను హార్మోనియాన్ని. ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ భజన చేసుకునే చిన్నపెట్టెని కాదు. నాకు కాళ్లున్నాయి, కింద రెండు పెడళ్లున్నాయి. నాటకాలవాళ్లు లెగ్ హార్మోనియం అంటారు. వాయించే మాస్టారు కుర్చీలో కూర్చుని పాదాలతో తొక్కుతుంటే లోపల తిత్తి ఆడుతుంది. ఆయన రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి.

మా వంశం దొరలది. 1840ల్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ అనే ఆయన మా మూలపురుషుడికి హార్మోనియం అని పేరుపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మా వాళ్లకు కాళ్లు తీసేసి, నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చునేవాళ్లకు వీలుగా చేతిపెట్టె చేశాడని చెబుతారు. నేను కాళ్లు పోగొట్టుకోని శాఖదాన్ని. లోపల వరసగా ఇత్తడి రీడ్లు. గాలి తగిలితే ఒక్కో రేకూ వణుకుతుంది, ఆ వణుకే స్వరం. రేకు కొస దగ్గర కాస్త గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. నన్ను బాగుచేయడానికి వచ్చినవాళ్లంతా గీకినవాళ్లే. ఇప్పుడు కొన్ని రేకులు పల్చబడిపోయాయి.

నా ఊరు తెనాలికి దగ్గర్లో, కాలవగట్టు మీద ఉంటుంది. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది తెనాలిలోనే. అంత దగ్గర నుంచి గాలి కొడుతుంటే మా ఊరి కుర్రాళ్లు మాత్రం ఊరుకుంటారా? నూర్పిళ్లయ్యాక ఇంటికింత ధాన్యం పోగేసి నన్ను కొన్నారు. ఏడాదిలో ఎక్కువ రోజులు రామాలయం పక్కగదిలో, పాత పల్లకీకీ ఉత్సవాల గొడుగులకీ మధ్య ఉంటాను. శ్రీరామనవమి వస్తే పందిట్లోకి మోసుకొస్తారు. కరపత్రంలో ‘సాహిత్య సంగీత నాటక మహోత్సవం’ అని వేస్తారు గానీ ఆ మాట చూసి జడుసుకోనక్కర్లేదు. ఒక తాటాకు పందిరి, ఒక మైకుసెట్టు, నాలుగు పట్టాలు, పానకం, వడపప్పు. మూడు రాత్రులు. అంతే.

మొదటి రాత్రి అవధానం. ఆ రాత్రి నాకు పనుండదు. నా మీద ఒక దుప్పటి పరిచి దానిమీద శాలువాలు, అవధానిగారి మంచినీళ్ల చెంబు పెడతారు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది ఆయన్ని చుట్టుముట్టి కూర్చుంటారు. సమస్య ఇచ్చేవారొకరు, పద్యంలో ఇమడ్చమని పదాలిచ్చే దత్తపది ఆయనొకరు. నిషిద్ధాక్షరి ఆయన మరీ కఠినుడు. అవధానిగారు ఒక అక్షరం పలికాక, తర్వాత ఏది రాబోతుందో కనిపెట్టి ‘ఆ అక్షరం వద్దు’ అంటాడు. ఆయన వద్దన్నదాన్ని వదిలి, ఛందస్సు చెడకుండా, అర్థం పోకుండా ఇంకో అక్షరం వేయాలి. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, అవి లెక్కపెట్టాలి. అన్నిటికీ మించి, అడ్డదిడ్డం ప్రశ్నలతో ధ్యాస చెదరగొట్టే అప్రస్తుత ప్రసంగం. మా ఊళ్లో ఆ కుర్చీ పాలకేంద్రం నడిపే ఆయనది.

“అవధానిగారూ, సీతమ్మ లేడిని పట్టమంటే రాముడు వెళ్లాడు గదా. పాడిగేదెను పట్టమంటే వెళ్లేవాడంటారా?”

“వెళ్లేవాడే నాయనా. రావణుడు మాత్రం భిక్ష మానేసి మీగడ పెరుగు అడిగేవాడు.”

పందిరి గొల్లుమంటుంది. అవధానిగారు ఆ నవ్వు ఆగకముందే దత్తపదిలో మూడో పాదం అందుకుంటారు. చివర ధారణ. రెండు మూడు గంటలుగా ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ వరసపెట్టి ఒప్పజెబుతారు. అప్పుడు మాత్రం జనం ఊపిరి బిగబట్టి వింటారు. నాకు ఈ రాత్రంటే గౌరవం, ఎందుకంటే నా మూడో రాత్రి బతుకంతా దీని చలవే. అవధానాన్ని సంస్థానాల నుంచి ఊళ్ల దాకా తిప్పిన జంట తిరుపతి వేంకట కవులు. మూడో రాత్రి మా పందిట్లో ఆడే పాండవోద్యోగ విజయాలు రాసిందీ వాళ్లే. ఆశువుగా చెప్పి చెప్పి నాలుక పదును పెట్టుకున్నవాళ్లు కాబట్టే, వాళ్ల పద్యం నోటికి అంత సులువుగా పడుతుంది. చదువుకోనివాడికీ ఒకటి రెండుసార్లు వింటే వచ్చేస్తుంది.

రెండో రాత్రి హరికథ. పట్టుపంచె, మెడలో దండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. ఆదిభట్ల నారాయణదాసుగారు పెట్టిన ఒరవడి అది. కథ చెప్పేదీ హరిదాసే, పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. రాముడూ ఆయనే, శూర్పణఖా ఆయనే. కరపత్రంలో మూడు ముక్కలుగా వేసిన సాహిత్యం, సంగీతం, నాటకం ఈ ఒక్కమనిషిలోనే ఉంటాయి. పక్కన ఫిడేలు, మృదంగం. నన్ను మాత్రం ఆ రాత్రి వేదిక చివరికి జరుపుతారు. పెద్ద సంగీతం తెలిసినవాళ్లకు నేనంటే చిన్నచూపు. ఆకాశవాణి 1940లో నన్ను బహిష్కరించి, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. వాళ్ల అభ్యంతరం అబద్ధం కాదు. నా మెట్టుకీ మెట్టుకీ మధ్య గోడ ఉంది. ఫిడేలు వేలు జారుతూ జారుతూ ఆ మధ్యలో ఉన్న స్వరాలన్నీ తడిమి వస్తుంది, గమకం పుట్టేది అక్కడే. నేను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకాలి. కర్ణాటక కచేరీల్లో ఇవాళ్టికీ నాకు చోటు తక్కువే. నాకా బాధ లేదు. నాటకం నన్ను పిలిచింది, వెళ్లాను.

మూడో రాత్రి నాటకం. ఆ రాత్రికే ఊరు ఊరంతా వస్తుంది. వెనకటిలా తెల్లవార్లూ ఒకే నాటకం ఆడించేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడన్నీ ఎంపిక చేసిన సీన్లే. పడక సీనుకొక కృష్ణుడు, రాయబారానికి వేరొక కృష్ణుడు. వారణాసికొక హరిశ్చంద్రుడు, కాటికొక హరిశ్చంద్రుడు. తెలియనివాళ్లు చూస్తే తికమకపడతారు. మా వాళ్లకది చాలా మామూలు. ఎవరు ఏ సీనులో దిట్టో వాళ్లకే ఆ సీను ఇస్తారు నాటకం కుదిర్చే కంట్రాక్టర్లు. కిరీటాలు, తెరలు, సీనరీలు అద్దెకొస్తాయి. అద్దె కిరీటం కదా, ఒక కృష్ణుడికి బిగుతు, ఇంకో కృష్ణుడికి వదులు.

తెర లేవడానికి ముందు నటులు ఒక్కొక్కరే మాస్టారి దగ్గరికి వచ్చి శ్రుతి చెప్పిపోతారు. ఆ మధ్య ఒక కొత్త కుర్రాడు అర్జునుడి వేషంలో వచ్చాడు.

“మాస్టారూ, నాకు మూడున్నర పెట్టండి.”

మాస్టారు నా మెట్లకేసి చూపించారు. “మూడున్నర ఎక్కడుంది నాయనా? మూడు తర్వాత నాలుగే. మధ్యలో నల్లమెట్టు లేదు. నాలుగున్నర కావాలంటే చెప్పు, ఉంది.”

కుర్రాడు నాలుక కరుచుకుని నాలుగు అన్నాడు. పాడాడు కూడా, బాగానే.

పద్యానికి తాళం లేదు. పాటకైతే దరువు వేసుకుని ముందుకు పోవచ్చు. పద్యంలో నటుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ విరుస్తాడో, ఎక్కడ ఊపిరి తీస్తాడో నేను కనిపెట్టుకుని ఉండాలి. అతను మోహనలో ఎత్తుకుంటే మోహన, చివరి పాదంలో ఉన్నట్టుండి హిందోళంలోకి దిగితే హిందోళం. అతని నోట్లోంచి మాట వచ్చేటప్పుడు నేను తగ్గాలి, ఊపిరి తీసుకునేటప్పుడు ఆ ఖాళీ నింపాలి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలుగా చదివితే అర నిమిషం. మా స్టేజీ మీద అదే పద్యం నాలుగు నిమిషాలు సాగుతుంది. మిగిలిన మూడున్నర నిమిషాలూ రాగానివే. జనం ‘వన్స్ మోర్’ అంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు దుర్యోధనుణ్ణి హెచ్చరించాల్సిన పద్యాన్ని దుర్యోధనుడి వైపు వీపుపెట్టి జనానికి రెండుసార్లు పాడటం నేను చూశాను. సింహాసనం మీద కూర్చున్న దుర్యోధనుడు అంతసేపూ మీసం దువ్వుకుంటూ ఉండిపోయాడు, పాపం. ఈలోగా మైకులో చదివింపులు, ‘ఫలానా వారు కృష్ణపాత్రధారికి నూటపదహార్లు’ అని. బళ్లారి రాఘవ లాంటి మహానటుడు పాటకన్నా నటనకు పెద్దపీట వేయమని ఎందుకు పట్టుబట్టాడో ఆ క్షణంలో అర్థమవుతుంది. సంగీతం నాకు అన్నం పెడుతుంది. అయినా చెబుతున్నాను, రాగం ఎక్కువైన చోట మాట వినపడదు. మాట వినపడకపోతే అది నాటకమే కాదు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. ఈమధ్య తెనాలి నుంచి వచ్చే మాస్టారు ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చుకుంటున్నారు. దాన్ని పెట్టుకోవడానికి బల్ల కావాలిగా? నా మీదే పెడుతున్నారు! ఎత్తు సరిగ్గా సరిపోయిందట. కరెంటు పోతే నేనే దిక్కవుతానని కొన్నాళ్లు ఆశపెట్టుకున్నాను. కమిటీవాళ్లు జనరేటరు తెచ్చారు.

పోయినసారి కాటి సీనుకు వచ్చిన నటుడు పాతకాలం మనిషి. “మాస్టారూ, ఆ కీబోర్డు కాసేపు పక్కన పెట్టి పెట్టె తీయండి. గొంతు దించినప్పుడు దానితో కుదరదు” అన్నాడు. నిజమే. పాదం బరువు తగ్గిస్తే నా స్వరమూ తగ్గుతుంది, గుసగుస దాకా దిగుతుంది. ఒక పద్యం చక్కగా నడిచింది. రెండోదానికి పంచమం దగ్గర మెట్టు నొక్కితే గాలి తప్ప నాదం రాలేదు. ఎలుకలు తోలు కొరికేశాయి. మాస్టారు నన్ను తిట్టకుండానే కీబోర్డు మళ్లీ నా నెత్తికెక్కించారు.

అయినా ఆ సీనులో నేను విన్నది చెప్పకపోతే ఈ ఆత్మకథకు అర్థం లేదు. సత్యహరిశ్చంద్రీయం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకం. కాని కాటి సీనులో జనం ఎదురుచూసే పద్యాల్లో కొన్ని ఆయనవి కావు. గుర్రం జాషువాగారి శ్మశానవాటికలోవి. నటులెవరో తెచ్చి ఆ సీనులో పెట్టారు, అవి అక్కడే పుట్టినట్టు ఒదిగిపోయాయి. అంటరానివాడని లోకం చేత దూరం పెట్టించుకున్న కవి రాసిన పద్యాలు. అందరూ చివరికి ఒక్కచోటికే చేరే శ్మశానంలో, కాటికాపరిగా మారిన రాజు నోట పలుకుతాయి. ఎన్ని ఊళ్లలో ఎన్నివేల చప్పట్లు పడ్డాయో ఆ పద్యాలకు! మైకులో జాషువా పేరు చెప్పడం మాత్రం నేను విన్నది తక్కువ.

ఆ రాత్రి కాటి హరిశ్చంద్రుడు జాషువా పద్యంలో ఒక మాట మార్చి పాడాడు. కావాలని కాదు, నోరు జారింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న మామ్మగారు, ఆవిడకు సంతకం పెట్టడం కూడా రాదు, చెయ్యెత్తి “నాయనా, అక్కడ ఆ మాట కాదు” అంది. సరైన మాట చెప్పింది. నటుడు పద్యం ఆపి, చేతులు జోడించి, పాదం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మూడు రాత్రుల్లో అంత పెద్ద ఘట్టం ఇంకొకటి జరగలేదు, చదివింపులు మాత్రం ఎవరూ రాయించలేదు.

జాషువాగారి పద్యాల్లా బయటి నుంచి మాటలు తెచ్చి కలపడం ప్రతిసారీ మేలు చేయలేదు. కాళ్లకూరి నారాయణరావుగారు చింతామణి రాసింది వేశ్యాలోలత్వం ఇళ్లను ఎలా ముంచుతుందో చూపడానికి. దాన్ని ఆడగా ఆడగా నవ్వుల కోసం మోటుమాటలు చేర్చుకుంటూ పోయారు. చివరికి ఒక వర్గాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. కలపడం ఒకటే పని. ఒకచోట జాషువా పద్యం కలిసింది, ఇంకోచోట బూతు కలిసింది. కలిపినప్పుడు ‘ఇదేంటి’ అని అడిగే మామ్మగారు పందిట్లో ఉందా లేదా అన్నదే తేడా. నటులు ఇంకా ఉన్నారు, కంట్రాక్టర్లు ఉన్నారు, మైకుసెట్టు మునుపటికన్నా గట్టిగా మోగుతోంది. తగ్గిపోతున్నది ముందు వరస. ఆ రాత్రి మామ్మగారి పక్కనే ఆవిడ మనవరాలు ఫోనులో నాటకం రికార్డు చేస్తూ కూర్చుంది. మంచిదే. కాని ఫోను తప్పును కూడా భద్రంగా దాచుకుంటుంది, చెయ్యెత్తి దిద్దదు.

కమిటీవాళ్లు నాకు తోలు మార్పించడానికి చందా వేస్తారని వింటున్నాను. వేస్తే సంతోషం. కాని నన్నడిగితే ఆ డబ్బులో ముందు ఇంకో పని చేయండి. కరపత్రం వెనకవైపు దాతల పేర్లు వేస్తారు గదా, వచ్చే నవమికి అక్కడ ఆ రాత్రి పాడబోయే పద్యాలు వేయండి. ఒక్కో పద్యం కింద కవి పేరు వేయండి, జాషువాగారి పేరు కూడా. వారం ముందే ఇంటింటికీ, బడికీ పంచండి. దాతల పేర్లకేం, మైకులో ఎలాగూ చదువుతారు.