ఉషాబ్తి వీపు మీద సంచీ

మావాడి బల్ల మీద ఈజిప్టు సైన్యం దిగి ఆరు నెలలైంది. వార్‌హామర్ అనే ఆటలో టూమ్ కింగ్స్ దండు అది. బొటనవేలంత అస్థిపంజరాలు, వాటికి రథాలు, తేళ్లు, స్ఫింక్స్‌లు. ఒక్కోదాన్నీ జిగురుతో అతికించి, నాలుగు వెంట్రుకల కుంచెతో ఊపిరి బిగబట్టి రంగు వేస్తాడు. ఆ శ్రద్ధలో పదోవంతు లెక్కల మీద పెడితే... సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అస్థిపంజరాలు యుద్ధం చేయడం మీద నాకు అభ్యంతరం లేదు. కల్పన కదా, చేసుకోనీ. అసలు అస్థిపంజరాలెందుకయ్యారన్నదే నా బాధ. శవాన్ని నేట్రాన్ ఉప్పులో 40 రోజులు ఎండబెట్టి, మొత్తం 70 రోజులు తంటాలు పడి, నారబట్ట చుట్టింది ఒళ్లు చెడకూడదనే. అంతా చేశాక కూడా దండు దండంతా బొమికలై లేచిందంటే, ఉప్పు కాంట్రాక్టరెవడో డబ్బు మింగేశాడన్నమాట. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీ చూడండి, కట్టు విప్పకుండా బుద్ధిగా పడుకుని ఉంటుంది.

రథాల సంగతీ అంతే. గీజా పెద్ద పిరమిడ్ కట్టింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. గుర్రపు రథాలు ఆ దేశానికొచ్చింది మరో తొమ్మిది వందల ఏళ్లకి. పిరమిడ్ పక్కన రథం నిలబెట్టడమంటే శాతవాహనుల కోటకి కాకతీయ తోరణం తగిలించడమే. ఇక చారల తలగుడ్డ ఫరోకే చెల్లింది. ఇక్కడేమో విలుకాళ్లు కూడా కట్టుకున్నారు. బంట్రోతులు కలెక్టరు కుర్చీలో కూర్చున్నట్టుంది.

అన్నిటికంటే నా ప్రాణం తీసింది ఉషాబ్తి. మనిషికి రెండింతల విగ్రహం, నక్క తల, చేతిలో తాటిమట్టంత కత్తి.

"నాన్నా, వీడొక్కడు చాలు, ముందు వరసంతా ఊడ్చేస్తాడు!"

ఊడ్చడం వరకు నిజమే. అసలు ఉషాబ్తి పని అదే కదా! అది సమాధిలో పెట్టే జానెడు బొమ్మ. చాలావాటికి నీలిపచ్చ మెరుగు, రెండు చేతుల్లో రెండు పారలు, వీపున విత్తనాల సంచీ. పరలోకంలో కూడా పొలం పని తప్పదు. యజమానిని పిలిచినప్పుడు 'ఇదిగో, నేనున్నా' అని ఆయన బదులు లేచి వెళ్లాలి. 1922లో బయటపడ్డ టుటంఖామున్ సమాధిలో ఇవి 413 ఉన్నాయి. రోజుకొకడు చొప్పున 365 మంది కూలీలు. పదిమందికొక మేస్త్రీ చొప్పున 36 మంది. ఆ మేస్త్రీలు కునుకు తీస్తారని కాబోలు, నెలకొకడుగా మరో 12 మంది పైమేస్త్రీలు. చచ్చాక కూడా ఇంత పకడ్బందీగా మస్టర్ రోలు రాసుకున్న జాతి ఇంకోటి ఉందా? ఆట తయారుచేసినవాళ్లు ఈ వైభవాన్నంతా వదిలేసి, పారలు లాక్కుని కత్తి చేతిలో పెట్టారు.

ఇదంతా మావాడికి ఓపిగ్గా చెప్పాను. కుంచె దించకుండా విన్నాడు.

"వ్యాస భారతంలో శశిరేఖ ఉందా నాన్నా?"

"లేదు."

"మరి లేని శశిరేఖ ఇంట్లో, లేని పెట్టెలో అభిమన్యుడు కనిపిస్తే, మాయాబజార్ ఇరవైసార్లు ఎందుకు చూశావు?"

"ఒరేయ్, అది వేరు" అన్నాను. ఏం వేరో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ రాత్రి వాడు పడుకున్నాక కుంచె తీసుకుని, ఉషాబ్తి వీపు మీద చిన్న సంచీ ఒకటి గీశాను. పొద్దున్నే పట్టేశాడు.

"ఇదేంటి, స్కూల్ బ్యాగా?"

విత్తనాల సంచీరా అన్నాను. చెరపలేదు. మొన్న ఆదివారం ఆ సంచీతోనే యుద్ధానికి తీసుకెళ్లాడు. ఓడిపోయి వచ్చారు.