అయిదులో పెట్టేయండి!

నీరసమా? ఒక సెలైన్ బాటిల్ ఎక్కించండి! మన ఊళ్ళలో తరాలుగా నడుస్తున్న వైద్యం ఇది. కరోనా పుణ్యమా అని ఆ బాటిల్‌కి ఓ తమ్ముడు పుట్టాడు. పేరు ఆక్సిజన్. ఆయాసమొచ్చినా, కళ్ళు తిరిగినా, కోడలు ఎదురు మాట్లాడినా, "కాసేపు ఆక్సిజన్ పెట్టండి, తేలిగ్గా ఉంటుంది" అంటున్నారు పక్కింటివాళ్ళు. ఎంత పెట్టాలి? "అయిదులో పెట్టేయండి!" అయిదే ఎందుకు? ఆక్సిజన్ కాన్‌సంట్రేటర్ మిషన్ మీద లీటర్ల అంకెలు అయిదుతో అయిపోయాయి గనక. పది దాకా ఉంటే పదిలో పెట్టేవాళ్ళం. మనకి పిసినారితనం తెలీదు.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది పోయారు. అలాంటి వార్తలు విన్నవాళ్ళు భయంతో ఇంటికో మిషన్ కొనుక్కున్నారంటే తప్పుపట్టలేం. భయం పోయింది, మిషన్ మిగిలింది. ఇప్పుడది బంధువుల ఇళ్ళన్నీ తిరుగుతోంది. పిన్నిగారింట్లో నెల, వియ్యాలవారింట్లో పదిరోజులు. మిషన్ వెళ్ళిన చోటికల్లా "అయిదు" కూడా వెళ్తోంది. ఒక్క డాక్టరు రాసిన చీటీ మాత్రం వెళ్ళడం లేదు.

డాలస్‌లో ఉన్న సుపుత్రుడి సంగతే చూడండి. అక్కడ ఈ మిషన్ కొనాలంటే డాక్టరు రాసివ్వాల్సిందే. గుంటూరులో ఉన్న నాన్నకి మాత్రం ఫోన్‌లోనే ఆర్డరిచ్చేశాడు. చీటీ అడిగినవాడు లేడు. పితృభక్తికి ప్రిస్క్రిప్షన్ ఏమిటి అనుకున్నారేమో!

గాలేగా, ఎంత పీలిస్తే ఏమిటంటారు నాన్నగారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఈ మిషన్ నైట్రోజన్‌ని వడగట్టి, 90 శాతం దాటించి పంపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆక్సిజన్‌ని అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. మన దేశంలో దీని ధరకి కళ్ళెం వేసేది కూడా మందుల ధరలు చూసే ఎన్‌పీపీఏనే. మందన్నాక మోతాదు ఉంటుంది. చుట్టలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగులకి రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలంటారు డాక్టర్లు. వాళ్ళలో కొందరికి అంతకు మించి ఎక్కిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. అయిదులో పెట్టిన గంటకి నాన్నగారు మగతలోకి జారుకుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు: "చూశారా, ఎన్నాళ్ళకి హాయిగా నిద్రపట్టిందో!"

మరోవైపు, నిజంగా అవసరమున్నవాళ్ళకి డాక్టరు రోజుకి పదిహేను గంటలు తగ్గకుండా పెట్టుకోమని రాస్తే, సాయంత్రం అరగంటతో సరి. ఏమంటే కరెంటు బిల్లు. మోతాదు పెంచడంలో దానకర్ణులం, సమయం దగ్గర మాత్రం లెక్కలవాళ్ళం.

ఇక వాస్తు. ప్లగ్ పాయింట్ పూజ మందిరం పక్కనే ఉంటుంది కాబట్టి మిషన్ కూడా అక్కడే. ఒకవైపు దీపం, రెండోవైపు అగరొత్తి, మధ్యలో ముక్కుకి గొట్టంతో నాన్నగారు. ఆక్సిజన్ తనంతట తాను మండదు. పక్కన మండేదాన్ని మాత్రం భగ్గుమనిపిస్తుంది. దుప్పట్లోకీ జుట్టులోకీ కూడా చేరుతుంది. పొయ్యికీ దీపానికీ కనీసం పదడుగులు ఎడంగా ఉండాలి, ఆ గదిలో చుట్ట ముట్టించకూడదు. నాన్నగారు చుట్ట మానలేదు. "గొట్టం తీసే కాలుస్తాగా" అని భరోసా. ముక్కు ఎండిపోతోందని పెద్ద కోడలు వాజలైన్ రాస్తుంది. ఆక్సిజన్ దగ్గర పెట్రోలియంతో చేసిన జెల్లీ పనికిరాదని ఆ అమ్మాయికి చెప్పినవాళ్ళెవరు? ఇన్వర్టర్ బ్యాటరీలోకి మటుకు డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొస్తారు. నాన్నగారి ముక్కులోకి వెళ్ళే తేమసీసాలోకి బోరు నీళ్ళు. ఎంతైనా బ్యాటరీ ఖరీదైనది కదా.

వచ్చే ఎన్నికల నాటికి "ఇంటింటికీ ఆక్సిజన్" హామీ వచ్చినా ఆశ్చర్యం లేదు. 2021లో ఫోటోలు దిగకుండా మిషన్ దానం చేసిన నాయకుణ్ణి వెతకాలంటే దీపం పట్టుకు తిరగాలి (మిషన్‌కి పదడుగుల దూరంలో). కాబట్టి అయ్యా, మిషన్ మీద మీ ఫోటో వేసుకోండి, పార్టీ గుర్తు కూడా వేసుకోండి. కాకపోతే ఎన్ని లీటర్లు, రోజుకి ఎన్ని గంటలు అని డాక్టరు రాయడానికి కాస్త జాగా వదలండి. మీకు ఓట్లేమీ తగ్గవు. రోగి బతికుంటే ఒకటి ఖాయం. పోయినవాళ్ళ ఓట్లు కూడా పడే నియోజకవర్గమైతే మాత్రం ఈ వాదన వెనక్కి తీసుకుంటున్నా.