అలమరలో పెద్దల్లుడు

ఇంగ్లండులో బండికి నలభై ఏళ్లు నిండితే పట్టాభిషేకమే. రోడ్డు పన్ను మాఫీ. పెద్ద మార్పులేవీ చేయించకపోతే ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ కూడా 2018 నుంచి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కాగితం మీద ‘చారిత్రక వాహనం’ అని బిరుదొకటి. అదే దేశంలో మనిషికి నలభై నిండితే, ఐదేళ్లకోసారి వచ్చి బీపీ, కొలెస్టరాల్ చూపించుకోమని కబురొస్తుంది. బండికి పరీక్షలు మానేసే వయసులో మనిషికి మొదలుపెడతారన్నమాట. సరే, దొరలు చేసుకున్న ఏర్పాట్ల మీద నాకు పేచీ లేదు. నా మొర వేరు.

మాది ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 క్యాంపర్‌వ్యాను. జర్మనీలో 1967 నుంచి 1979 దాకా తయారైన, ముందు అద్దం ఒకే పలకగా ఉండే రకం. దాన్ని నేను పల్లెత్తు మాట అనను. కొండ ఎక్కేటప్పుడు మా వెనక కార్లు బారులు తీరినా అనను. ఆ వయసులో ఎక్కడమే గొప్ప. నా ఫిర్యాదంతా వెనక సీటు పక్క అలమరలో మకాం వేసిన బ్యాటరీ ఛార్జరు మీద. లోపలి లైట్లకీ నీళ్ల పంపుకీ వేరే బ్యాటరీ ఉంటుంది. క్యాంపు మైదానంలో కరెంటు తీగ తగిలించగానే దాన్ని నింపడం ఈయనగారి ఉద్యోగం. ఉద్యోగం అంతంత మాత్రం, దర్జా మాత్రం బండెడు.

మా వైపు పండక్కొచ్చిన పెద్దల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. ఆయన వేడెక్కుతాడు, కాబట్టి పక్కన దుప్పట్లు పెట్టకూడదు. రాత్రంతా గుర్రుపెడతాడు, మనం నిద్ర మానుకోవాలి. అలమర తలుపు మూస్తే ఆయనకి ఉక్క. తెరిచి ఉంచితే మా ఆవిడ మోకాలికి దెబ్బ. ఎవరూ కిక్కురుమనకూడదు. ఎందుకంటే ఆయన ఒరిజినల్.

ఆయన్ని ఒరిజినల్ అని తీర్మానించింది పక్క వ్యాను పెద్దమనిషి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇలాంటి బండ్లకే అంకితమైనాయన. ఛార్జరు మార్చేద్దామనుకుంటున్నానని అనగానే ఆయన మొహం వాడిపోయింది. “అయ్యో, అలాంటివి ఇప్పుడు దొరకవండీ” అన్నాడు. నిజమే, దొరకవు. బుద్ధున్నవాళ్లందరూ ఎప్పుడో పారేశారు.

అసలది బండితో పుట్టిందీ కాదు. మధ్యలో ఎవరో యజమాని తెచ్చి బిగించాడు. ఒక మూల ఇత్తడి స్క్రూ, ఒక మూల ఇనుప స్క్రూ, మోత వినపడకుండా అడుగున తివాచీ ముక్క. ఆ ముక్క సరిగ్గా గాలి సందుల్నే మూసేసింది. వెనక ప్లైవుడ్ మీద, పెట్టె వెనక సందులు ఎక్కడున్నాయో అదే వరసలో, ముదురు గోధుమరంగు మాడు గీతలు. చుట్టూ వార్నిషు పొక్కులు లేచింది, గోరు తగిలితే రాలుతోంది. లేబులు అంచులు ముడుచుకుపోయాయి. ‘12 వోల్టులు’ అన్నది తప్ప, చేసినవాడి పేరుతో సహా అంతా మాసిపోయింది. వాడి అదృష్టం.

మూత విప్పితే లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు. బుద్ధి అన్న భాగం పెట్టనేలేదు. కరెంటు ఎటు పోయినా రెండు డయోడ్లు దాటాలి, ఒక్కోటీ దాదాపు ఒక వోల్టు సుంకం గుంజుతుంది. 10 ఆంపియర్లు నడుస్తుంటే ఆ సుంకమే 20 వాట్ల వేడి. ట్రాన్స్‌ఫార్మరు కాక దీనికి అదనం. పైగా వచ్చే వోల్టేజీ పెరిగితే బ్యాటరీకి పోయేదీ పెరుగుతుంది. పట్టుకునే నాథుడు లేడు. బ్రిటన్‌లో పేరుకి 230 వోల్టులే గానీ 253 దాకా రావడం చట్టసమ్మతమే. రాత్రి అందరూ కెటిళ్లు, హీటర్లు కట్టేసి పడుకున్నాక సరఫరా పుంజుకుంటుంది. ఈయనా పుంజుకుంటాడు. నిండిన బ్యాటరీని 13.6 వోల్టుల దగ్గర ఉంచితే చాలు; 14.4 దాటించి అక్కడే కూర్చోబెడితే లోపలి నీళ్లు హైడ్రోజనూ ఆక్సిజనూ అయి బుడబుడమని పోతాయి.

పరువు పోయింది మాత్రం కెస్విక్ దగ్గర. అక్కడికి దగ్గర్లోనే సీత్‌వైట్ అని ఒక పల్లె ఉంది. ఇంగ్లండులో మనుషులు కాపురముండే చోట్లలో అంత వాన మరెక్కడా పడదు, ఏడాదికి 3 మీటర్ల పైమాటే. వాన చెప్పాపెట్టకుండా కుండపోత. తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నాం. మా ఆవిడ ఉప్మాకి ఇంగువ పోపు వేస్తోంది. ఇంతలో గుప్పున కుళ్లిన గుడ్డు కంపు. గొడుగేసుకుని ఇటు వెళ్తున్న పెద్దమనిషి ముక్కు ఎగబీల్చి, “మీ వంటలు కాస్త ఘాటనుకుంటాను” అన్నాడు, ఎంతో మర్యాదగా.

మా ఆవిడకి తల కొట్టేసినట్టయింది. “ఏవండీ, ఇంగువ వాసన ఇలా ఉంటుందా? మూడు తరాలుగా మా ఇంట గుడ్డు గుమ్మం తొక్కిందా?” అని నిలదీసింది, నేనేదో తెచ్చి దాచినట్టు. ముద్దాయి అలమరలో ఉన్నాడు. మితిమీరి ఛార్జి అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆ కంపే కొడుతుంది. కంపు ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. దాంతోపాటు వచ్చే హైడ్రోజను గాలిలో నూటికి 4 వంతులు చేరితే అంటుకోవడానికి చాలు. పోపు గరిటె ఉన్న పొయ్యికీ ఆ అలమరకీ మధ్య బారెడు దూరం లేదు. స్టవ్వు కట్టేసి, వానలోనే తలుపులన్నీ బార్లా తెరిచి, బయటికి పోయి కరెంటు తీగ పీకేశాను. ఉప్మా తడిసింది. దాని గురించి ఎవరూ ఒక్క మాట విచారించలేదు.

మర్నాడు మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 10.6 వోల్టులు. నిండినదైతే 12.7 ఉండాలి. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటీ రెండు వోల్టుల చిల్లర. అంటే ఒకటి చచ్చింది. ఆ చచ్చినది ఎన్నటికీ నిండదు, నిండలేదని ఛార్జరు పోస్తూనే ఉంటుంది, బతికున్న అయిదూ ఉడికిపోతాయి. బ్యాటరీ వల్ల ఛార్జరు కాగుతోంది, ఛార్జరు వల్ల బ్యాటరీ కాగుతోంది, ఇద్దరి మధ్యా మా దుప్పట్లు.

రెంటికీ ఉద్వాసన చెప్పాను. కొత్త బ్యాటరీకి మూతున్న పెట్టె, అందులోంచి బయటికి గాలి గొట్టం, ప్లస్ తీగకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు. తీగలు కూడా లావువి వేయించాను, ఆ పాతవి చూస్తే డోర్‌బెల్లుకి తెచ్చి మిగిలినవిలా ఉన్నాయి. కొత్త ఛార్జరు అరచేతిలో ఇముడుతుంది. 14.4 దాకా నింపి, బ్యాటరీ ఇంక చాలంటుంటే తగ్గించుకుంటూ వచ్చి, 13.6 దగ్గర కుదురుగా కూర్చుంటుంది. మరీ వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది.

పాతాయన్ని పారేస్తానంటే పక్కాయన ఒప్పుకోలేదు. తనకిచ్చేయమని రెండు చేతులా అందుకున్నాడు. అయితే తన వ్యానులో మాత్రం పెట్టుకోలేదు, గమనించాలి. బయట టార్పాలిన్ కింద, బండికి బాగా ఎడంగా పెట్టాడు.

ఇక ఈ చిన్నల్లుడి సంగతి. గుర్రు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒంటినిండా నీలం దీపాలు. తెల్లవార్లూ మిణుకుమంటుంటే కప్పంతా నీలం, మా ఆవిడ మొహం నీలం, కళ్లు మూసుకున్నా నీలమే. తువ్వాలు తీసుకుని లేచాను. మా ఆవిడ అటు తిరిగి పడుకునే అంది: “దాని మీద కప్పకండి. గాలి ఆడదు.”