ఓడ ఎక్కడుందో మీకు తెలుసు కదా సార్!

మహారాజశ్రీ ఓడల పెద్దాఫీసరుగారి దివ్య సముఖమునకు, పోర్ట్ బ్లెయిర్ హడ్డో రేవు గేటు బయట నిలబడి నిలబడి కాళ్ళు వాచినవాడు నమస్కరించి చేసుకునే మనవి.

తమరు క్షేమమని తలుస్తాను. తమరి గదిలో ఏసీ కూడా క్షేమమే అయి ఉంటుంది. మొన్న మంగళవారం గేటు దగ్గర నీలం గొడుగుతో ఉన్నది నేనే. తమరు చూసి ఉండరులెండి. అసలు బయటికొచ్చి చూసిందెవరు?

విశాఖ ఓడ పొద్దున్న ఆరింటికన్నారు. ఫోనెత్తిన ఆయన ఆరంటే ఆరేనని గట్టిగా చెప్పాడు. ఇక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది కదా, ఐదున్నరకల్లా వచ్చేశాను. ఓడ జెట్టీకి ఆనింది సాయంత్రం నాలుగూ నలభైకి. ఆలస్యమైందని కాదండీ నా ఏడుపు. గాలుంటుంది, వానుంటుంది, పైలట్ ఎక్కాలి, ముందున్న ఓడ జెట్టీ ఖాళీ చెయ్యాలి. దీవిలో పుట్టినవాడికి ఇవన్నీ మీరు నేర్పక్కర్లేదు. తెలిసుండీ చెప్పకపోవడం! అదేం రోగమండీ?

గేటు పక్క నల్లబల్ల మీద సుద్దతో 06.00 అని రాసి ఉంది. పదింటికీ అదే, మధ్యాహ్నం రెండింటికీ అదే. మధ్యలో జల్లు పడి ఓ సున్నా కరిగి కిందికి జారింది. ఆ రోజు బోర్డు మీద జరిగిన మార్పల్లా అదొక్కటే. కిటికీ దగ్గరికెళ్ళి అడిగితే "ఆయేగా". ఎప్పుడు బాబూ అంటే "జబ్ ఆయేగా".

2024 సెప్టెంబరులో ఊరి పేరే శ్రీ విజయపురం చేసేశారు. ఊరి పేరు మారింది గానీ ఆ ఆరు మాత్రం మారదు! 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ లాగి మా దీవులకి ఇంటర్నెట్టిచ్చారు. అంత తీగ లాగిన రాజ్యంలో సుద్దముక్కకి కరువా?

ఆ రోజు నాకు కబురు చెప్పినవాళ్ళు ఇద్దరే. ఒకడు మెరీనా పార్కు వైపు నుంచొచ్చిన ఆటో కుర్రాడు. "రాస్ దీవి అవతల తెల్ల ఓడ నిలబడుంది అన్నా, గంట నుంచీ కదల్లేదు" అన్నాడు. రెండోది మా అమ్మ. డెబ్భై రెండేళ్ళ మనిషి, సోంపేట నుంచి వచ్చి విశాఖలో ఓడెక్కింది. సుమారు యాభై ఆరు గంటలు బంక్ క్లాసులో. నడిసముద్రంలో మూగబోయిన ఫోను తొమ్మిదింటికి పలికింది. "ఒరే, కొండలు కనిపిస్తన్నాయి గానీ ఓడ కదల్నేదురా. ఎందుకో ఎవులూ సెప్పట్నేదు. సువర్ణరేఖ పళ్ళు మగ్గిపోతన్నాయి, నువ్వింటికెళ్ళి అన్నం తినేసి రా."

ఎలా వెళ్ళనండీ? నేనటు వెళ్ళగానే ఓడొచ్చేస్తే? ఈ ఒక్క భయంతోనే కదా రెండొందల మందిమి అక్కడ పడున్నాం! చంటిపిల్లలున్నారు, ఓ పూట కూలి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఉన్నదొక్క చెట్టు, ఆ నీడ పెద్దవాళ్ళకి వదిలేశాం. మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి టీకెళ్ళినాయన జేబులో. గేటు తీసినప్పటి తొక్కిసలాట సంగతి సరే. టిక్కెట్ల క్యూ గురించి ఎత్తుకుంటే ఈ కాగితం చాలదు.

కోపంలో ఏదో అనేశాను, మన్నించండి. మాకు కొత్త ఓడలొద్దు, ఏసీ వెయిటింగ్ హాలొద్దు. "బయట లంగరేసింది, మూడింటి దాకా రాదు" అని ఒక్క ముక్క రాయించండి చాలు. ఇళ్ళకెళ్ళి ఇంత గంజి తాగి మళ్ళీ వస్తాం. రాసే మనిషి లేడంటే నేనే వచ్చి రాస్తాను. మావాడి బడిసంచిలో సుద్దముక్కలున్నాయి.

పళ్ళలో సగం పారబోశాం. అమ్మ మెట్లు దిగుతూనే "ఏటైనా తిన్నావా?" అంది. తిన్నానని అబద్ధం చెప్పాను. వచ్చే నెల మళ్ళీ ఇదే ఓడలో ఆవిడ తిరుగు ప్రయాణం. విశాఖలో దించుకోవడానికి చెల్లెలు సోంపేట నుంచి రావాలి. ఎన్నింటికి రమ్మంటావని నిన్నే ఫోన్ చేసి అడిగింది.

ఏం చెప్పమంటారు?