చదివేవాళ్లు లేని అంకెలు

నేను బీపీ మిషన్‌ని. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు: ఒక ప్లాస్టిక్ డబ్బా, ఓ చిన్న మోటారు, గాలి నిండే పట్టీ. పట్టీ బిగిసి వదులయ్యేటప్పుడు రక్తనాళం అదురును పసిగట్టి అంకెలు చూపిస్తాను. నా జాతి మొత్తానికీ ఉన్న దుఃఖం మాత్రం పెద్దది. గుండెపోటు వచ్చి ఇంటికి చేరిన మనిషి కోసం నన్ను హడావుడిగా కొంటారు. కొన్నాళ్లు పూటకోసారి, తర్వాత గుర్తొచ్చినప్పుడు, ఆ తర్వాత బీరువా. పట్టీ బిరుసెక్కుతుంది, బ్యాటరీలు కారి చిలుము పడుతుంది. చుట్టాలొస్తే బయటికి తీస్తారు. తలా ఒకసారి చెయ్యి చాపి, ఎవరిది ఎక్కువో చూసుకుని నవ్వుకుని మళ్లీ లోపల పడేస్తారు. ఇదంతా ఇంటివాళ్ల బద్ధకమంటే నేనొప్పుకోను. వచ్చిన అంకె ఎవరికి చెప్పాలో తెలియనప్పుడు ఎవరైనా ఎన్నాళ్లని చూస్తారు?

స్టెంటు వేశాక గండం గడిచిందనుకుంటారు. బీటా బ్లాకర్లు, ఏస్ ఇన్హిబిటర్ల వంటి మందులను మాత్రం చాలామందికి తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తొందరపడితే బీపీ, నాడి మరీ పడిపోవచ్చు; కొందరికి రక్తంలో పొటాషియం పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. భయపడి పెంచకపోతే మందు పూర్తి మేలు చేయదు. డాక్టరు మళ్లీ చూసేదాకా ఈ సంగతి కనిపెట్టి ఉండేదెవరు? సింగపూర్‌లో గుండెపోటు నుంచి కోలుకుంటున్న 301 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో ‘జామా కార్డియాలజీ’లో వచ్చాయి. ఒక వర్గానికి శిక్షణ పొందిన నర్సులు ఆరు నెలలపాటు దూరం నుంచే, గుండె డాక్టర్ల పర్యవేక్షణలో, డోసులు సరిచేశారు. మామూలుగా డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లకంటే వీళ్లకు ప్రమాదం పెరగలేదు.

ఆ రెండు వర్గాల మధ్య గుండె పనితీరులోనూ, మందుల డోసులోనూ తేడా రాలేదు; మరి లాభమేమిటని అడగొచ్చు. సరైన ప్రశ్నే. ఆ పరీక్ష నర్సులు డాక్టర్లను మించారని చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ఆసుపత్రి వరండాలో పూటంతా కూర్చుంటే దక్కే వైద్యం ఇంట్లో కూర్చున్నా దక్కిందంటే, బస్సు ఛార్జీకీ కూలికీ లెక్కలు కట్టుకునే కుటుంబానికి అది తక్కువ లాభమా?

అయితే మిషను చాలు, మనిషెందుకన్న వాదన ఇంకోటుంది. నన్ను పొగిడే వాదనే అయినా తప్పు. అమెరికాలో గుండె బలహీనపడిన 1653 మందితో చేసిన ‘టెలి-హెచ్ఎఫ్’ అనే పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. వాళ్లలో ఒక వర్గం రోజూ ఫోన్ చేసి, రికార్డు చేసిన ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. ఆ సమాచారాన్ని వైద్య సిబ్బంది చూసేవారు. అయినా మళ్లీ ఆసుపత్రిలో చేరడం గానీ, మరణాలు గానీ తగ్గలేదు. ఆ వర్గంలో ఏడుగురిలో ఒకరు ఆ ఫోన్ అసలు వాడనేలేదు. రికార్డు గొంతుకు జవాబు చెప్పడానికి మనిషికి మనసొప్పదు. “నిన్న తల తిరిగిందన్నారు, ఇప్పుడెలా ఉందండీ?” అని అడిగే నర్సుకైతే చెబుతాడు.

నా అంకెలు తప్పుతాయనేవాళ్లకు ఒక మాట: నిజమే, వాడకం తప్పితే అంకే తప్పుతుంది. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కబుర్లు చెబుతూ, చొక్కా చేతి మీద పట్టీ కట్టి చూస్తే నేనేం చేయను? ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచండి. డిశ్చార్జి రోజునే, ఈ అంకెలు చూసేదెవరో పేరూ ఫోన్ నంబరూ అడిగి రాయించుకోండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం నన్ను వెతకొద్దు, నర్సు ఫోన్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.