దుముకురాళ్లకు మేం, టమోటా చేనికి అవి

పోయిన ఆదివారం పెళ్లాం పిల్లల్ని కారెక్కించుకుని, ఏనుగుల్ని చూపిస్తానని కైగల్ జలపాతానికి బయల్దేరాను. పలమనేరు నుంచి కుప్పం దోవ పట్టి బైరెడ్డిపల్లె మండలంలో అడవిలోకి దిగితే, నీళ్లు బండ మీంచి దభీమని మడుగులో పడుతుంటాయి. ఊరోళ్లు దీన్ని దుముకురాళ్లంటారు. అది పేరు కాదు, ఆజ్ఞ అనుకున్న కుర్రాళ్లు అరడజను మంది అప్పటికే దుముకుతున్నారు. ‘నీళ్లలోకి దిగరాదు’ అన్న బోర్డు మాత్రం వృథా పోలేదు, దాని మీద రెండు జీన్సు ప్యాంట్లు ఆరుతున్నాయి.

పక్క బండ మీద స్పీకరు పెట్టి చిందులేస్తున్న బృందం ‘ఒక్క ఏనుగూ రాదేందిరా’ అని విసుక్కుంటోంది. ఇంతలో మా పులిహోర పొట్లాన్ని కోతి ఎత్తుకుపోయింది. ఆ రోజు మేం చూసిన వన్యప్రాణి అదొక్కటే.

ఈ చిత్తూరు జిల్లాలో సుమారు రెండొందల ఏళ్లపాటు లేకుండా పోయిన ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి తిరిగొచ్చాయి. నివాస ధ్రువపత్రం ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లను పొమ్మనలేక సర్కారు 1990 డిసెంబరులో దాదాపు 357 చదరపు కిలోమీటర్లను కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించింది. హద్దులు కాగితం మీద ఉన్నాయి. చదువుకున్న మనమే బోర్డు మీద ప్యాంట్లు ఆరేసుకుంటుంటే, ఏనుగు గెజిట్ చదవలేదని తిట్టడం ఏం న్యాయం?

సోలార్ కంచె వేస్తే, చెట్టును దాని మీదికి తోసి దాటాయి. కందకం తవ్వితే, గట్టు మట్టి కాలితో లోపలికి నెట్టుకుని దిగొచ్చాయి. టెండరు లేకుండా బాట వేసుకోవడం మన జిల్లాలో ఇంకెవరికీ రాని విద్య. చివరికి ఏనుగును ఏనుగే తోలాలని, 2025 మేలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో పెట్టారు. ఇంత బరువైన డెప్యుటేషన్ ఏ శాఖా చూసుండదు.

ఆ ఏడాదే తోతాపురి మామిడిని అడిగే దిక్కులేక, రైతులు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లతో పడిగాపులు పడ్డారు. కిలోకు 4 రూపాయలు తానిస్తానని సర్కారు ముందుకు రావాల్సి వచ్చింది. తోటలోకే వచ్చి, కాయ సైజు మీద పేచీ పెట్టకుండా ఎత్తుకున్నది ఏనుగొక్కటే. డబ్బులు మాత్రం ఇవ్వలేదు. అంటే మన మార్కెట్ పద్ధతులు దానికీ పట్టుబడ్డాయన్నమాట.

తిరిగొస్తూ మామ చేను దగ్గర ఆగాం. ముందు రాత్రే మంద దిగిందట. టమోటా కట్టెలు పుల్లల్లా విరిగాయి, డ్రిప్పు పైపులు పేగుల్లా బయటపడ్డాయి. సాలు మధ్యలో పళ్లెమంత అడుగు. అందులో ఊరిన నీళ్లలో సగం నలిగిన కాయ ఒకటి తేలుతోంది.

“ఏనుగుల్ని చూసొచ్చినారా?” అన్నాడు మామ.

“లేదు మామా, ఒక్కటీ కనబడలే.”

“పెట్రోలు పోసుకోని అంత దూరం బోతే యాడ కనబడతాయబ్బోడా, అవి ఈడుంటే?”

టార్చిలైటు, టపాకాయల పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఈ రేత్రికి మంచె మింద నువ్వు పండుకో. నేను కన్ను మూసి నాలుగు దినాలాయ.”